ఇంట్లో ఎవరున్నారు?

పోయిన వారం టైలరమ్మను మనం ఆస్పత్రి గుమ్మంలో, స్ట్రెచరు మీద వదిలిపెట్టాం. పొట్ట ఆపరేషను చేయించుకుని నవ్వుతూ ఇంటికెళ్ళిన మనిషి, పదమూడో రోజు పొద్దున్నే ఒళ్ళు కాలిపోతూ మళ్ళీ అదే గుమ్మంలోకి వచ్చిపడింది. కుట్లు రెండుచోట్ల విడిపోయాయి. మూడో అంతస్తు నుంచి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, రెండో అంతస్తులో ఉండే డ్రైవరూ అతని తమ్ముడూ చెరోపక్కా పట్టుకుని దించారు. తోడుంటానని మాటిచ్చిన చెల్లెలు ఆ పన్నెండు రోజుల్లో వచ్చింది రెండే రెండు సార్లు. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న కూతురికి ఆపరేషను సంగతే తెలియదు. తెలియనివ్వొద్దని చెల్లెలి చేత ఒట్టు వేయించుకున్నది టైలరమ్మే.

వార్డులో ఆమెకు పాత మంచమే దొరికింది, కిటికీ పక్కది. పక్క మంచం మీద పాత మనిషే ఉంది. ముప్ఫై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన కండక్టరమ్మ, తుంటి ఎముక అతికేదాకా అక్కడే మకాం. మర్నాడు పొద్దున టైలరమ్మ కళ్ళు తెరవగానే ఆవిడ తలగడ మీదినుంచి పలకరించింది.

"రానూ పోనూ టిక్కెట్టు తీసుకున్నావని నాకు చెప్పనేలేదే!"

నవ్వితే కుట్లు లాగుతాయి. టైలరమ్మ పెదాలు బిగబట్టి, కళ్ళతోనే నవ్వింది. ఆ కాస్త నవ్వుకే పొట్టలో ఎవరో సూది గుచ్చి దారం లాగినట్టయింది.

డాక్టరు వచ్చి కట్టు విప్పి చూసి, ముఖం చిట్లించి, రెండు రోజులు మందులు ఎక్కించి చూద్దామన్నాడు. చీము తగ్గితే సరే, లేకపోతే మళ్ళీ తెరవాల్సి వస్తుందని ఆమెతో కాక పక్కనున్న నర్సుతో చెప్పాడు. వెళ్ళిపోతూ, "ఇంత శుభ్రంగా కుట్టి పంపిస్తే ఏం చేశారమ్మా ఇంట్లో?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

ఏం చేసిందో టైలరమ్మ మనసులో లెక్కేసుకుంది. బరువులు ఎత్తకూడదన్నారు, ఎత్తలేదు. నీళ్ళు మూడో అంతస్తుకు ఎక్కవు, కిందనుంచి తెచ్చుకోవాలి. నిండు బకెట్టు మోస్తే బరువని సగం సగం తెచ్చుకుంది. మిషను తొక్కొద్దన్నారు, వారం పాటు తొక్కలేదు. ఎనిమిదో రోజున బడి యూనిఫారాల వాళ్ళు మూడోసారి మనిషిని పంపితే, కుడికాలు కదపకుండా ఎడమకాలితోనే తొక్కింది. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాననే అనుకుంది. తప్పెక్కడ జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆమెను తొలుస్తున్న బెంగ మరొకటి ఉంది. కంగారులో ఫోను ఇంట్లోనే ఉండిపోయింది, మిషను బల్ల మీద. రోజూ సాయంత్రం ఆరింటికి కూతురు ఫోను చేస్తుంది. నిన్న చేసే ఉంటుంది. ఎత్తకపోతే ఏమనుకుందో. ఈ పన్నెండు రోజులూ ఆ ఫోను వచ్చినప్పుడల్లా టైలరమ్మ పడక మీదినుంచి లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, ఆ తర్వాతే ఎత్తేది. పడుకుని మాట్లాడితే గొంతు పట్టించేస్తుందని భయం. ఎత్తి ఎప్పుడూ చెప్పే మూడు ముక్కలే చెప్పేది. "బాగానే ఉన్నా. వేళకు తింటున్నా. నా గురించి బెంగ పెట్టుకోకు." ఆ మూడు ముక్కలతో ఆమె ఇరవయ్యేళ్ళు నెట్టుకొచ్చింది. భర్త పోయిన నెలకు మిషనెక్కినప్పుడు కూడా అడిగినవాళ్ళకు అవే చెప్పింది.

మధ్యాహ్నం రెండింటికి ఫైళ్ళ నర్సు వచ్చింది. అసలు పేరు ఏదో ఉంది గానీ, సూది పట్టదు, కట్లు కట్టదు, ఎప్పుడు చూసినా చంకలో ఫైళ్ళతో తిరుగుతుంది కాబట్టి వార్డంతా ఆమెను అలాగే పిలుస్తారు. ఆపరేషను అయి వెళ్ళిన నెలలోపు ఎవరు తిరిగొచ్చినా, ఎందుకొచ్చారో కనుక్కుని రాయడం ఆమె పని. స్టూలు లాక్కుని కూర్చుని, పెన్సిలు చెక్కుకుంటూ, "నేను తిడతానని భయపడకండమ్మా. డాక్టర్లు గాయం చూస్తారు, నేను ఇల్లు చూస్తాను," అంది.

ఎన్ని మెట్లని అడిగింది. యాభై నాలుగని టైలరమ్మ తడుముకోకుండా చెప్పింది, రోజూ ఎక్కే మెట్లు ఎవరికి తెలియవు. లిఫ్టు లేదు. నీళ్ళెలా అంటే, సగం బకెట్టు చొప్పున అంది, కొంచెం గర్వంగానే. నర్సు పెన్సిలు ఆగింది.

"ముందు రోజుకు ఎన్ని బకెట్లు తెచ్చుకునేవారు?"

"రెండు నిండువి."

"ఇప్పుడు?"

"నాలుగు సగాలు."

"అంటే మెట్లు రెండింతలు ఎక్కి దిగారన్నమాట."

టైలరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకుంది. గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచే మనిషి. బరువును కొలిచింది గానీ మెట్లను కొలవలేదు. పక్క మంచం మీద కండక్టరమ్మ ముఖం గోడవైపు తిప్పి దగ్గింది, నవ్వు అణుచుకోవడానికో, మరెందుకో.

నర్సు నవ్వలేదు. తన దగ్గరకు తిరిగొచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళే ఎక్కువని చెప్పింది. ఒంటరిగా ఉండేవాళ్ళు, పై అంతస్తుల వాళ్ళు, పని మానితే పూట గడవనివాళ్ళు, ఇచ్చిన కాగితం చదివి చెప్పే మనిషి లేనివాళ్ళు. "కోత అందరికీ ఒకేలా పెడతారమ్మా. ఇళ్ళే ఒకేలా ఉండవు. అందుకే ఇంట్లో తోడు లేనివాళ్ళను మేం ఇంటికి పంపం. వెనక భవనంలో విశ్రాంతి వార్డు ఉంది, మూడు వారాలు అక్కడే ఉంచుతాం. మీరు వెళ్ళిన రోజున అందులో ఆరు మంచాలు ఖాళీ."

"నాకెవరూ చెప్పలేదే," అంది టైలరమ్మ.

"చెప్పక్కర్లేకపోయింది. మీకు తోడుందని రాసి ఉంది." నర్సు పాత ఫైలు తెరిచింది. "చూడండి. ఇంట్లో ఎవరున్నారు అన్న చోట, చెల్లెలు, రాత్రింబవళ్ళు. ఇల్లు ఏ అంతస్తు అంటే, కింద. నీళ్ళు ఇంట్లోకే వస్తాయి. చిరునామా ఇదీ."

ఆమె చదివిన చిరునామా చెల్లెలి ఇంటిది.

టైలరమ్మకు కొంత ఊరట కలిగింది. అందులో అబద్ధం లేదు. మొదట అనుకున్నది అదే. చెల్లెలు ఇదే ఆస్పత్రిలో మందుల కౌంటరులో పని చేస్తుంది. ఆపరేషను తేదీ తొందరగా ఇప్పించింది తనే, ఈ ఫారం నింపించింది తనే. మన కౌంటరు మనిషి చెప్తుంటే ఇంకేం వాకబు చేస్తామని ఆస్పత్రివాళ్ళు ఇల్లు చూడ్డానికి ఎవరినీ పంపలేదు. పదిహేను రోజులు చెల్లెలి ఇంట్లో ఉండాలని అక్కాచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. తండ్రి పోయినప్పుడు అక్క కుట్టుమిషను తెచ్చుకుంది, చెల్లెలు గోడగడియారం తీసుకెళ్ళింది. అది ఎన్ని రిపేర్లు చేయించినా ఒక గంట ఎక్కువే కొడుతుంది, పన్నెండింటికి పదమూడు కూడా. "ఆ గంటల మధ్య నాకు నిద్ర పడుతుందో లేదో," అని టైలరమ్మ హాస్యమాడింది కూడా. తీరా బయల్దేరే రోజు పొద్దున చెల్లెలు వచ్చి, ఇంటికి రంగులు వేయిస్తున్నామని, ఆ వాసన పచ్చి గాయానికి మంచిది కాదని, రెండు రోజులు నీ ఇంట్లోనే ఉండు, నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పింది. ఆ రెండు రోజులు పన్నెండయ్యాయి.

ఇదంతా టైలరమ్మ నర్సుకు చెప్పింది. చెప్పి, "పాపం, దానికి వీలు పడలేదు," అని కలిపింది.

"సరే, అది వేరు. కానీ మేం ఫోన్లు చేశాం కదా," అంది నర్సు. "రెండో రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు. అప్పుడైనా ఒంటరిగా ఉన్నానని మీరు చెప్పాల్సింది. కుట్ల దగ్గర తడి ఉందని చెప్పినా మనిషిని పంపేవాళ్ళం."

"నాకా?"

"మీకే."

"నాకు ఆస్పత్రి నుంచి ఒక్క ఫోనూ రాలేదమ్మా. వస్తే ఎత్తనా? కాచుకుని ఉన్నాను."

నర్సు వేలు పెట్టి చూపించింది. మూడుసార్లూ ఫోను ఎత్తినట్టు రాసి ఉంది. రోగే మాట్లాడింది. జ్వరం లేదు. నొప్పి లేదు. చెల్లెలు పక్కనే ఉంది. మూడోసారి ఫోను చేసిన పిల్ల, పేషంటు గొంతు హుషారుగా ఉంది అని ప్రత్యేకంగా రాసిపెట్టింది.

టైలరమ్మకు కళ్ళద్దాలు కూడా ఇంట్లోనే ఉండిపోయాయి. కండక్టరమ్మ తనవి తీసి చేయి చాపి అందించింది. అవి పెట్టుకుని కాగితాన్ని దూరంగా జరిపి, దగ్గరగా జరిపి చూసింది. ఫోను నంబరు గడిలో ముందు రాసినది తనదే. దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పైన మరో నంబరు. పక్కన కొట్టివేతకు బాధ్యులుగా చిన్న సంతకం, కింద తేదీ. ఆమె ఆస్పత్రి వదిలి వెళ్ళిన మర్నాటిది.

సంతకం చదవక్కర్లేదు. ఆ రాతను ఆమె పలక మీద దిద్దించింది.

"ఈ నంబరు ఎవరిదమ్మా?" అడిగింది నర్సు.

టైలరమ్మకు తెలియదు. ఈ రోజుల్లో నంబర్లు ఎవరికి గుర్తుంటాయి, అన్నీ ఫోనులో పేర్లే. తన ఫోను చేతిలో ఉంటే కొట్టి చూసేది. చెల్లెలికి కౌంటరు పనికని ఇంకో ఫోను ఉందేమో అనుకుంది. అంటే ఆస్పత్రివాళ్ళు ఫోను చేసి మీకెలా ఉందని అడిగినప్పుడు, తన చెల్లెలే తాను అక్కనని చెప్పి, బాగానే ఉందని చెప్పిందన్నమాట. అయిదో రోజున టైలరమ్మ మెట్ల మలుపులో బకెట్టు దింపి, గోడకు ఆనుకుని పావుగంట కూర్చుండిపోయింది. తొమ్మిదో రోజున దుప్పటి కప్పుకుని వణికింది. ఆ రోజున తన గొంతు హుషారుగా ఉందట.

నర్సు కొత్త ఫారం ఒకటి తీసి, పైన టైలరమ్మ వయసు రాసింది. రెండో గడి దగ్గర ఆగింది. ఇంట్లో ఎవరున్నారు? ఈసారి రాసినదాని మీద కమిటీ కూర్చుంటుందని, పాత ఫారంలో అబద్ధం ఉందని తేలితే రాసినవాళ్ళ ఉద్యోగం మీదికొస్తుందని, కానీ నిజం రాస్తేనే ఈసారి విశ్రాంతి వార్డులో మంచం ఇవ్వగలనని మెల్లగా చెప్పింది. "మళ్ళీ ఆ యాభై నాలుగు మెట్లెక్కితే మీరు మూడోసారి వస్తారు. మూడోసారి వచ్చేవాళ్ళు అందరూ తిరిగి వెళ్ళరమ్మా. ఆలోచించుకోండి. పావుగంటలో వస్తాను."

నర్సు అటు వెళ్ళగానే ఇటు చెల్లెలు వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చి, కౌంటరులో చీటీ మీద అక్క పేరు చూసి పరుగెత్తుకొచ్చిందట. ఇంకా రొప్పుతోంది. ఒంటి మీద కౌంటరు వాళ్ళు వేసుకునే తెల్లకోటు. ఆ కోటు ఉద్యోగంలో చేరిన రోజున టైలరమ్మే కుట్టిచ్చింది. పెన్నుకొకటి, తాళాలకొకటి, లోపలివైపు ఎవరికీ కనిపించనిది ఒకటి, మూడు జేబులు పెట్టి. భర్త పోయి, చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఆ మిషను తొక్కే ఆమె చెల్లెల్ని చదివించింది.

"నిన్ననే వచ్చావా? నాకెందుకు కబురు చెయ్యలేదక్కా?" అంది చెల్లెలు.

డ్రైవరు నిన్న నాలుగుసార్లు ఫోను చేశాడు, నువ్వే ఎత్తలేదు అని టైలరమ్మ చెప్పలేదు. ఇంటికెళ్ళి ఫోనూ కళ్ళద్దాలూ తెచ్చిపెట్టమంది, రెండో తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా అని. చెల్లెలు తెస్తానని తలూపింది. దుప్పటి సరిచేసింది. సెలైను సీసా వైపు చూసింది. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు చిన్నప్పటినుంచీ చేసినట్టే చెవి రింగు తిప్పుకుంటూ నిలబడింది.

"రంగులు పూర్తయ్యాయా?" అడిగింది టైలరమ్మ.

"ఆఁ. దాదాపు."

"ఏ రంగు వేయించావు?"

చెల్లెలు ఒక్క క్షణం ఆలస్యం చేసింది. "తెలుపే," అంది.

టైలరమ్మ తలగడ కిందనుంచి పాత ఫారం తీసి దుప్పటి మీద పెట్టింది. నర్సు దాన్ని మరిచిపోయి వెళ్ళిందో, కావాలనే వదిలి వెళ్ళిందో తెలియదు. చెల్లెలు చూసింది. చదవలేదు, చూసిందంతే. స్టూలు మీద కూర్చుంది.

"ఈ రాత నీదే కదా?"

చెల్లెలు ఫారం అంచు మడవసాగింది.

"ఎవరిదీ నంబరు?"

చెల్లెలు చుట్టూ చూసి, స్టూలు దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించింది. "అక్కా, ఫైళ్ళ ఆవిడ అడిగితే, నువ్వే ఇచ్చావని చెప్పు. మత్తు దిగనప్పుడు ఏదో నంబరు చెప్పానను. మత్తులో అన్నదానికి ఎవరూ ఏమీ అనరు. నేను మార్చానని తెలిస్తే నా కౌంటరు పోతుంది."

"నేనడిగింది అది కాదు."

"ఒక్క మాటక్కా. ఒక్క మాట చెప్తే అయిపోతుంది. నిన్ను నేను తీసుకెళ్తాను. ఈసారి ఒట్టు."

"ఎక్కడికి?"

చెల్లెలు దుప్పటి అంచు మళ్ళీ సర్దింది. మా ఇంటికి అనలేకపోయిందని టైలరమ్మకు అర్థమైంది. ఒళ్ళు కాలుతున్నా తల మాత్రం ఎన్నడూ లేనంత తేటగా పనిచేస్తోంది. ఎవరో ఒకరు ఫోను ఎత్తి బాగున్నానని చెప్పకపోతే ఆస్పత్రి మనిషిని పంపుతుంది. ఫారంలో ఉన్న చిరునామాకే పంపుతుంది. చెల్లెలికి భయం అక్క ఏమవుతుందోనని కాదు. తన ఇంటి తలుపు ఎవరైనా తడతారని.

"అయిదో రోజున మెట్ల మీద కూలబడ్డాను," అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "అటూ ఇటూ ఎవరూ లేరు. నువ్వు రంగుల పనిలో సతమతమవుతున్నావనుకున్నాను. నిన్ను పిలిస్తే నీకు ఇబ్బందని ఊరుకున్నాను. ఆ పూట నువ్వు వీళ్ళతో నాకు బాగుందని చెప్పావు."

"నీకేం కాదనుకున్నానక్కా." చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. "నీకెప్పుడు ఏమైందని? బావ పోయినప్పుడు అందరం ఏడుస్తుంటే నువ్వు అందరికీ టీ పెట్టావు. నీకు జ్వరమొచ్చిందని నేనెప్పుడైనా విన్నానా? ఎప్పుడడిగినా బాగానే ఉన్నానంటావు. నువ్వు బాగుండవని నాకు తట్టనే లేదు. ఇద్దరిలో ఎవర్ని చూసుకోవాలంటే, నువ్వు ఎలాగోలా..."

అక్కడ ఆగిపోయింది. నాలుక కరుచుకున్నట్టు ఆగింది.

"ఇద్దరేమిటి?" అంది టైలరమ్మ.

చెల్లెలు కోటు బొత్తాం పట్టుకుని తిప్పుతోంది. ఆ బొత్తాం కూడా టైలరమ్మ కుట్టిందే. నాలుగు బొక్కల్లోంచి మూడేసిసార్లు దారం పోనిచ్చి, వెనక ముడి వేసి. ఊడదు.

మాటలైతే ఊడిపోతాయి. తోడుంటానన్న చెల్లెలు మాట తప్పిందన్న బాధ కంటే మరో బాధ టైలరమ్మను లోపల కోసింది. చెల్లెలు చెప్పినదాంట్లో నిజం ఉంది. బాగానే ఉన్నానన్న మాటను ఇరవయ్యేళ్ళు అందరికీ పంచిపెట్టింది తనే. దాన్ని ఇప్పుడు తీసుకెళ్ళి ఎవరో తనకు బదులుగా చెప్పుకున్నారు. అయినా సరే. తను చెప్పినప్పుడు అది ఇతరుల కోసం. చెల్లెలు చెప్పింది మాత్రం తన కోసమే. ఆ రెంటికీ తేడా లేదని ఎవరన్నా ఒప్పుకునే ఓపిక ఆమెకు ఇవాళ లేదు.

కండక్టరమ్మ ఇందాకటినుంచీ కళ్ళు మూసుకునే ఉంది. మూసుకునే అంది. "నా బస్సులో ఇలాంటివాళ్ళు ఎక్కేవాళ్ళమ్మా. టిక్కెట్టు అడిగితే వెనకాయన తీసుకున్నాడంటారు. వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడెవరూ ఉండరు."

"మీకు సంబంధం లేని విషయం పెద్దమ్మా," అంది చెల్లెలు.

"లేదు కాబట్టే కళ్ళు మూసుకున్నాను," అంది ఆవిడ.

పావుగంట అయినట్టుంది, ఫైళ్ళ నర్సు తిరిగొచ్చింది. చెల్లెల్ని చూసి ఆశ్చర్యపోలేదు. ఇద్దరూ ఒకే చోట పనిచేసేవాళ్ళే అయినా, మీరు అని పలకరించి పక్కన నిలబడింది. చెల్లెలు లేచి నిలబడి, అక్క వైపు చూసింది. చిన్నప్పుడు బళ్ళో తప్పు చేసి వచ్చినప్పుడు చూసే చూపు. ఆ చూపుకు టైలరమ్మ ఎన్నిసార్లు పంతులమ్మ ముందు నిలబడి అబద్ధాలాడిందో లెక్కలేదు.

"ఏం రాయమంటారమ్మా?" అడిగింది నర్సు.

టైలరమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది, నేనే ఇచ్చాను ఆ నంబరు అని. ఒక్క ముక్క. అది చెప్తే చెల్లెలి కౌంటరు నిలుస్తుంది. విశ్రాంతి వార్డు మంచం పోతుంది. మళ్ళీ యాభై నాలుగు మెట్లు, మళ్ళీ సగం బకెట్లు. ఒకప్పుడైతే చెప్పేసేదే.

"ఇవాళ ఎన్నో రోజమ్మా, నాకు ఆపరేషను చేసి పంపి?" అంది.

నర్సు ఫైలు చూసింది. "పద్నాలుగు. ఆఖరి ఫోను చెయ్యాల్సింది ఇవాళే. మూడింటికి చేస్తారు."

"ఇక్కడినుంచి చెయ్యి. అందరికీ వినపడేలా."

"వద్దక్కా," అంది చెల్లెలు. ఈసారి గొంతులో వేడుకోలు లేదు, భయం ఉంది. అక్క కోసం కాని భయం. "నీకు దణ్ణం పెడతాను. నంబరు నేనే మార్చానని నేనే రాసిస్తాను. సంతకం పెడతాను. ఫోను మాత్రం వద్దు."

అప్పటిదాకా ఉద్యోగం పోతుందని వణికిన మనిషి, ఒక్క ఫోను ఆపడానికి ఆ ఉద్యోగాన్నే వదులుకుంటానంటోంది. టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ ఫోను చెల్లెలిది కాదు. చెల్లెలు ఇక్కడే ఉంది, ఆమె కోటు జేబులో ఏ ఫోనూ మోగబోవడం లేదు.

"చెయ్యమ్మా," అంది.

నర్సు నంబరు నొక్కి, ఫోను దుప్పటి మీద పెట్టింది. అయిదుసార్లు మోగింది. ఎత్తారు.

"హలో."

"ఆస్పత్రి నుంచండీ. పొట్ట ఆపరేషను చేయించుకున్న పేషంటుతో మాట్లాడాలి."

"నేనే మాట్లాడుతున్నానండీ."

కండక్టరమ్మ కళ్ళు తెరిచి, ఫోను వైపు ఒకసారి, టైలరమ్మ వైపు ఒకసారి చూసింది. గొంతు అదే. కాస్త బొంగురు, మాట చివర కాస్త సాగదీత. నర్సు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. అయినా అడగాల్సినవి అడిగింది, జ్వరం గానీ, కుట్ల దగ్గర తడి గానీ ఉన్నాయా అని.

"అలాంటివేం లేవండీ. బాగానే ఉన్నాను. వేళకు తింటున్నా. నా గురించి బెంగ పెట్టుకోకండి."

ఈ భూమ్మీద తనలా మాట్లాడే గొంతు ఇంకొక్కటే ఉంది. గిరాకీలు ఎన్నోసార్లు ఫోనులో ఆ పిల్లను టైలరమ్మే అనుకుని జాకెట్టు కొలతలు చెప్పి, ఆనక నాలుక కరుచుకునేవాళ్ళు. తల్లీకూతుళ్ళిద్దరూ అది తలుచుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ గొంతు రోజంతా రైలు ప్రయాణం చేస్తే గానీ చేరలేని ఊళ్ళో, ఒక హోటలు కౌంటరు వెనక ఉండాలి. ఆ గొంతుకు ఆపరేషను జరిగిందనే తెలియకూడదు. నిన్న మొన్నటిదాకా రోజూ ఆరింటికి ఫోను చేసి, అమ్మా ఇవాళ ఏం కుట్టావని అమాయకంగా అడిగింది. ఆ గంట ముందో, వెనకో, ఇదే నోటితో ఆస్పత్రికి తానే అమ్మనని చెప్పింది.

వార్డు గోడ మీద గడియారం మూడు చూపిస్తోంది. దానికి మోగే అలవాటు లేదు. ఫోనులోంచి మాత్రం, ఆ గొంతు వెనకనుంచి, గంటలు వినపడ్డాయి. ఒకటి. రెండు. మూడు. కాస్త ఆగి, ఆయాసపడుతున్నట్టు, నాలుగు.

మూడింటికి నాలుగు కొట్టే గడియారం ఈ లోకంలో ఒక్కటే. దాని కింద కూర్చునే టైలరమ్మ అక్షరాలు నేర్చుకుంది.

చెల్లెలు రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది.

టైలరమ్మ మోచేయి ఆనించి లేచింది. కుట్లు లాగాయి, లాగనిచ్చింది. నర్సు చేతిలోని కొత్త ఫారం మీద, రెండో గడి మీద వేలు పెట్టింది.

"రాసుకోమ్మా. నా ఇంట్లో ఎవరూ లేరు." తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "నీ ఇంట్లో ఎవరున్నారో నువ్వు చెప్పు."

చెల్లెలు ముఖం మీంచి చేతులు తీయలేదు. ఫోనులోంచి ఊపిరి వినపడింది. తర్వాత వచ్చిన గొంతు టైలరమ్మ గొంతులా లేదు. అయిదేళ్ళప్పుడు జ్వరమొస్తే వచ్చే గొంతు.

"అమ్మా... నువ్వు ఆస్పత్రిలో ఉన్నావా? నాకేమైందో పిన్ని నీకు ఇంకా చెప్పలేదా?"